సైకిల్ మీద ఆగిన ఇంజన్

ఇవాళ పొద్దున పాలకోసం గల్లీలోకి దిగితే, సైకిల్ మీద పోతున్న ఒకాయన తొక్కడం ఆపి నా పక్కనుంచి జారుకుంటూ పోయాడు. వెనక చక్రం ఫ్రీవీల్ టకటకలాడింది. అంతే, పక్కింటాయనతో ఆడుతున్న మాట నోట్లోనే ఆగిపోయింది, చూపు ముందుకు పోయింది, కుడిచెయ్యి దానంతటది కొద్దిగా ముందుకు జరిగింది. ఏమైందండీ అని అడిగాడాయన. ఏమీ కాలేదన్నాను. ముప్ఫయ్యేళ్లు విమానాలు నడిపి రిటైరైనవాడు సైకిల్ చప్పుడుకి ఎందుకు ఉలిక్కిపడ్డాడో చెప్పాలంటే రంగాచారి సార్ గురించి చెప్పాలి.

పందొమ్మిదివందల యాభైల మాట. సార్‌ది కిషన్‌బాగ్‌లో గుడిసేవ చేసే ఇల్లు. అన్నదమ్ములు అర్చకత్వంలో ఉంటే ఈయన విమానాలు పట్టుకున్నాడు. చూపు మందగించి నేలమీదికి వచ్చాక, ఊరవతల విమానాల క్లబ్బులో మాకు డబ్బా పాఠం చెప్పేవాడు. డబ్బా అంటే మనిషి కూర్చునేంత, పిల్లల ఆటవిమానంలాంటి కొయ్య పెట్టె. కింద తోలు తిత్తులు గాలి పీల్చి వదులుతుంటే అది అటూ ఇటూ ఒరుగుతుంది. మనం లోపల కూర్చుంటే పైన మూత వేసేస్తారు. ఎదురుగా గడియారం ముళ్లలాంటి సూదులు తప్ప ఏమీ కనబడదు. బయట బల్ల దగ్గర సార్. మనం ఎటు పోతే అటు ఆయన ముందున్న కాయితం మీద గీత పడుతుంది. ఆయన ఉన్నట్టుండి, మన చెవులకు తగిలించిన ఫోన్లలో "బంద్" అనేవాడు. ఇంజన్ ఆగిపోయిందని అర్థం. ఇక మన తెలివి మనది.

ఆ తెలివి నాకు కాస్త ఎక్కువే ఉందనుకునేవాణ్ని. నేల వదిలిన కాసేపటికే బంద్ అంటే, గిరుక్కున వెనక్కి తిరిగి బయలుదేరిన చోటికే వచ్చి దిగేవాణ్ని. కాయితం మీద గీత ముగ్గు వేసినంత అందంగా వచ్చేది. తోటివాళ్లు భుజం తట్టారు. సార్ మాత్రం ఆ కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి నా జేబులో కుక్కాడు.

"కాయితం మీద బతికినవ్ బిడ్డా. డబ్బాకు భూమి లేదు. భూమి ఉంటే నువ్వు ఈపాటికి దాంట్ల ఉందువు."

అంత తక్కువ ఎత్తులో, ఇంజన్ లేకుండా తిరగబోతే విమానం కూలుతుంది. ముక్కు దించి, ఎదురుగా ఏ నేల దొరికితే ఆ నేల మీద దిగాలి. పుస్తకంలో ఆ ముక్క చదివాను, పరీక్షలో రాశాను కూడా. కానీ డబ్బాలో తిరిగితే బతుకుతున్నాను కదా, చేతులకు అదే అలవాటైంది. నన్ను ఒంటరిగా పైకి పంపడానికి సార్ ఒప్పుకోలేదు. ఇంట్లో చూస్తే, దసరాలోగా ఒంటరిగా ఎగరకపోతే వచ్చి బట్టల దుకాణంలో కూర్చోవాలని బాపు గడువు పెట్టాడు. సార్ మీద నాకు ఒళ్లు మండిపోయింది.

మా ఇల్లు బహదూర్‌పురాలో. రోజూ పొద్దున్నే ఇద్దరం సైకిళ్ల మీద క్లబ్బుకు పోయేవాళ్లం. అప్పటినుంచి సార్ దారిలోనే పాఠం మొదలుపెట్టాడు. మాటల మధ్యలో "బంద్" అంటే నేను తొక్కడం ఆపాలి, బ్రేకు పట్టకూడదు, వెనక్కి తిరగకూడదు. సైకిల్ జారినంత దూరంలో ఎక్కడ ఆగుతానో పైకి చెప్పి అక్కడే ఆగాలి. టాంగాల నడుమ, పాలవాళ్ల నడుమ "అగో, ఆ అరుగు కాడ" అని అరుస్తుంటే పాతబస్తీ అంతా నాకు పిచ్చి ముదిరిందనుకుంది.

ఒక ఆదివారం సరిగ్గా మా దుకాణం ముందు బంద్ అన్నాడు. ఎదురుగా గాజుల బండి. వెనక ఖాళీ. పాత బుద్ధి ఊరుకోదు కదా, హ్యాండిల్ వెనక్కి తిప్పాను. ఊపు లేని సైకిల్ సగం తిరిగి, నాతో సహా బోర్లా పడింది. గల్లీ మొత్తం నవ్వింది. బాపు గద్దె దిగి వచ్చాడు.

"సార్, వీనికి సైకిలే రాకపాయె. విమానం ఎట్ల ఇస్తరు?"

"ఈడనే పడనియ్యుండ్రి సేఠ్, పైనుంచి పడుడుకన్న మస్తు అగ్గువ" అన్నాడు సార్, నా మోచేతి దుమ్ము దులుపుతూ. ఎదుటి గాజుల బండికీ గోడకీ మధ్య మనిషి పట్టేంత సందు ఉందని అప్పుడు చూశాను. ముందుకు చూడలేదు కాబట్టి అది నాకు కనబడలేదు.

దసరాకు వారం ముందు సార్ సంతకం పెట్టాడు. ఒంటరిగా ఎగరడం మొదలుపెట్టిన మూడోరోజున, నేల వదిలి చెట్లు దాటానో లేదో ఇంజన్ దగ్గింది. మళ్లీ అందుకుంది. మళ్లీ దగ్గి ఆగిపోయింది. వెనక క్లబ్బు మైదానం నున్నగా పరుచుకుని పిలుస్తోంది. నాకు భయమేసింది. వెనక్కి తిరగాలనిపించింది కూడా. కానీ చెయ్యి ముందుకు తోసింది, ముక్కు దిగింది, "ఆ జొన్నచేను" అని ఎవరూ లేని విమానంలో పైకే అన్నాను. ఒక చక్రం విరిగింది, గడ్డం చీరుకుంది. చేనుగలాయన పరుగెత్తుకొచ్చి ముందు నన్ను తిట్టి, తరువాత నీళ్లిచ్చాడు.

మర్నాడు కట్టుతో క్లబ్బుకు పోయాను. మెచ్చుకుంటాడనుకున్నాను. సార్ నన్ను బల్ల దగ్గరి తన కుర్చీలో కూర్చోబెట్టి, తాను డబ్బాలోకి ఎక్కాడు.

"నాకు ఇంజన్ ఎన్నడు ఆగలే బిడ్డా. ఇన్నేండ్లు తెల్వని పాఠం చెప్పిన. ఇయ్యాల నువ్వు చెప్పు, నేను కూసుంట. నేను ఏడ తప్పు నేర్పిన?"

ఉన్నదున్నట్టు చెప్పాను. నిజం ఇంజన్ ఒక్కసారిగా ఆగదు, ఆశపెట్టి ఆగుతుంది. ఆగాక కూడా గాలి హోరుంటుంది, నేల పెద్దదైపోతుంటుంది. ఇక అసలు తప్పు ఒకటుంది. అది దగ్గినప్పుడు రెండు మూడు క్షణాలు నేనేమీ చెయ్యలేదు. ఎవరైనా బంద్ అంటారేమోనని చూశాను.

సార్ డబ్బా దిగి, నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

ఆరోజు నుంచి ఆయన బంద్ అనే మాట అనలేదు. సైకిల్ మీద మాట్లాడుతూ మాట్లాడుతూ తనే తొక్కడం ఆపేసేవాడు. ఆ టకటక విని, ఇంజన్ ఆగిందని మనమే పట్టుకోవాలి. డబ్బాలో కూడా చెప్పాపెట్టకుండా, ఇంజన్ దగ్గుతున్నట్టు తిత్తులకు గాలి తగ్గించి, మళ్లీ ఇచ్చి, మళ్లీ తగ్గించేవాడు. కొత్తగా చేరినవాళ్లు ఇదేం పాఠం సార్ అంటే, నన్ను చూపించి, "నాది కాదు, గీయన నాకు నేర్పిండు" అనేవాడు. బిడ్డా అనకుండా గీయన అన్నాడు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. ఆ తరువాత ఎన్ని పతకాలొచ్చినా అంత గర్వం మళ్లీ కలగలేదు.

తరువాత హాలంత శిక్షణ యంత్రాల్లో కూర్చున్నాను, ఎందరినో కూర్చోబెట్టాను. వాటికిప్పుడు భూమి కూడా ఉంది, చెట్లున్నాయి, దగ్గే ఇంజన్ ఉంది. నిజంగా పనికొస్తాయా అని కుర్రపైలట్లు అడిగేవాళ్లు. పనికొస్తాయి, నేర్పేవాడు నేర్చుకుంటుంటే, అనేవాణ్ని. అని, వాళ్ల ఇంటి సంగతులు అడుగుతూ, మాట సగంలో ఉండగా ఇంజన్ ఆపేసేవాణ్ని.

పొద్దున పక్కింటాయనకు ఏమీ కాలేదని చెప్పాను గానీ, అప్పటికే చూసిపెట్టుకున్నాను. గల్లీ చివర కిరాణా కొట్టు పక్కన ఖాళీ జాగా ఉంది. అక్కడ ఆగొచ్చు.