లెంపి కోయనివ్వని వల

లడోగా సరస్సు మంచు కింద వల నడిపించి, బండ్లకు పట్టనన్ని వెండిచేపలు పైకి లాగించిన రోజున నా మేనకోడలు లెంపి కియురు పేరు ఒడ్డంతా తెలిసింది. అంతకుముందు మూడుసార్లు వల ఉత్తదే వచ్చింది. వల ఎక్కడ వేయాలో చెప్పే పెద్దరికం ఆడపిల్లకు ఇచ్చామని పక్క రేవువాళ్ళు నవ్వారు. ఆమెకు ముందు ఆ పెద్దరికం చేసిన ముసలి ఈవారి మంచు మీదే చతికిలబడి ఎగతాళి చేశాడు.

"లెంపీ, ఈసారి నీళ్ళయినా తెస్తావా, అవీ గడ్డకట్టాయా?"

"గంప తెచ్చుకో తాతా. చిన్నది మాత్రం తేకు."

నాలుగోసారి సాయంత్రపు నీలివెలుగులో, మంచులో కొట్టిన కన్నంలోంచి వెన్నెల పొంగినట్టు చేపలు పొంగాయి. ఈవారి టోపీ తీసేశాడు. మునిగిపోతున్న గుర్రాన్ని కాపాడిందీ మా లెంపే, ఊళ్ళో ఆడపిల్లలందరికీ వల అల్లడం నేర్పిందీ ఆమే. అయినా నేను గొప్పగా చెప్పుకునేది ఈ 1939లో ఆమె చేసిన పని.

మా వల ఏ ఒక్కరిదీ కాదు. ఇంటికొక ముక్క అల్లుకుని, అన్నీ కలిపి కుడతాం. సెప్టెంబరులో పోలెండు కూలింది. ఎస్తోనియా తన రేవుల్లోకి రష్యా సైన్యాన్ని రానిచ్చింది. తర్వాత మా నేల కొంత ఇమ్మంటూ మా దేశపు పెద్దలకూ మాస్కో నుంచి పిలుపొచ్చింది. సరిహద్దు దగ్గరున్న మమ్మల్ని పడమటికి పొమ్మన్నారు. ఊరివాళ్ళు పొగమంచులో ఒడ్డుకు చేరి ఎవరి ముక్క వాళ్ళు కోసుకుపోదామన్నారు. ఈవారి అప్పటికే కత్తి తీశాడు.

లెంపి వల మీద కూర్చుంది. "కోస్తే తలో ముక్కా తలో ఊరికి పోతుంది. మళ్ళీ కుట్టడానికి అందర్నీ ఎక్కడ వెతుకుతాం? మొత్తం నేనే మోసుకెళ్తా."

"పోగొడితే?"

"నా ముక్కా అందులోనే ఉంది కదా తాతా."

ఆ పెద్ద మూటతో ఆమె రైలెక్కింది. నవంబరులో మా పెద్దలు ఏ సంతకమూ పెట్టకుండా మాస్కో నుంచి తిరిగొచ్చారని రేడియో చెప్పింది. యుద్ధమూ రాలేదు, కొందరం ఇళ్ళకు తిరిగొచ్చాం. ఊరు కలలోంచి లేచినట్టు ఒక్కొక్క పొగగొట్టమే పొగ వదలసాగింది. సగం ఇళ్ళు ఇంకా తాళాలతోనే ఉన్నాయి. వాళ్ళ ముక్కలు వాళ్ళతో పోయుంటే ఈ చలికాలం మాకు చేపే లేదు. రేవు నిద్రలో కూనిరాగం తీస్తున్నట్టు సన్నగా గడ్డకడుతోంది. వల మాత్రం ఇంకా రాలేదు. రైలుపెట్టెలన్నీ సైన్యానికే పోతున్నాయి.

"మన చలికాలాన్ని మూటగట్టుకుని పోయింది నీ మేనకోడలు," అని ఈవారి రోజూ నన్ను సాధించేవాడు.

నిన్న అంగడికి ఫోను వచ్చింది. అవతల లెంపి.

"మామయ్యా, రైల్లో సరుకుల పెట్టె ఒకటి దొరికింది. వల అంతా ఒక్కటిగానే ఉంది. ఇక్కడి ఆడవాళ్ళతో కూర్చుని చిరుగులు కూడా కుట్టాను. మీరు మంచులో కన్నాలు కొట్టే గునపాలు సానబెట్టండి."

ఈవారి నా భుజం మీదుగా అరిచాడు. "నా ముక్క ఉందా?"

"ఉంది తాతా. అన్నిటికంటే చిరుగులు దానికే."

ఈవారి ఇంటికెళ్ళి తన పెద్ద గంప దించి, దుమ్ము దులిపి, అరుగు మీద పెట్టుకున్నాడు. సాయంత్రం చూస్తే, పలచటి మంచు మీద పడ్డ ఆకాశాన్ని చూస్తూ గంప పక్కనే కూర్చుని ఉన్నాడు.

ఇవాళ గునపాలు సానబెడుతుంటే సరిహద్దు అవతల నుంచి ఇంజన్ల మోత ఆగకుండా వినిపించింది. లెంపి రైలు వచ్చేది గురువారం పొద్దున, నవంబరు ముప్పయ్యిన.