సింహాద్రి తెచ్చిన చేప

నా పదవీ విరమణకు మూడేళ్ల ముందు, వానలు మొదలయ్యే రోజుల్లో, అండమాన్ దీవుల్లో డిగ్లీపూర్ నుంచి మాయాబందర్‌కు బదిలీ అయ్యాను. హోదా ఫిషరీస్ ఇన్‌స్పెక్టర్. పడవల తనిఖీతో పాటు, జెట్టీకి దగ్గర్లో ప్రజల కోసం నడిచే చిన్న అక్వేరియం బాధ్యత కూడా నాకే అప్పగించారు. అందులో అన్నిటికన్నా పెద్దది కమ్యూనిటీ ట్యాంకు. రకరకాల చేపలను ఒకే నీటిలో కలిపి ఉంచే తొట్టిని మేమలా అంటాం.

ఆ ట్యాంకులో ఒక ట్రిగ్గర్ చేప ఉండేది. పీతల డొప్పలను కూడా పగలగొట్టగల పళ్లు దానివి. నేను రాకముందెప్పుడో, అరచేతిలో పట్టేంత పిల్లగా ఉన్నప్పుడు, సింహాద్రి అనే జాలరి దాన్ని ప్రాణంతో తెచ్చి ఇచ్చాడట. ఆ మరుసటి ఏడు అతని డింగీ పడవ గాలివానలో చిక్కుకుంది. చెక్కలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మనిషి దొరకలేదు.

అతని భార్య రమణమ్మ బజారులో చేపలమ్మేది. అమ్మకం ముగిశాక గంప గుమ్మం బయట పెట్టి, లోపలికి వచ్చి, ఆ గాజు ముందు కాసేపు నిలబడేది. నాతో పరిచయం పెరిగాక ఓ రోజు చెప్పింది. "ఇంట్లో ఆయన ఫొటో ఉంది సారూ. ఫొటో కదల్దు కదా. ఈడైతే నన్ను సూసి దగ్గరికొత్తాడు."

ఎదిగేకొద్దీ ఆ చేప ట్యాంకులో ఒక మూలను కాపలా కాయసాగింది. అటు వెళ్లిన చేపల రెక్కలు చిరిగేవి. ఇలాంటప్పుడు ముందుగా రాళ్ల అమరిక మారుస్తాం. ఏ చోటు ఎవరిదో అన్ని చేపలూ మరిచిపోతాయి. తర్వాత మేత రెండు వైపులా వేస్తాం, పోటీ తగ్గుతుందని. రెండూ చేశాం. కొన్నాళ్లు బాగానే ఉండి, మళ్లీ మొదలయ్యేది. నడుమ వల అడ్డం కట్టిస్తే దాన్ని కొరికి మూతికి గాయం చేసుకుంది.

ఒక ఉదయం సందర్శకుల ఎదుటే అది సర్జన్ అనే రకం చేప ఒకదాని పొట్టను చీల్చేసింది. రమణమ్మ అక్కడే ఉంది. "ఒగ్గేయరా దాన్ని!" అంటూ అరచేత్తో గాజును బాదింది. అది వదల్లేదు.

పై అధికారి అనుమతి తీసుకుని దాన్ని వెనక గదిలో, ఒక్కో చేపను విడిగా ఉంచే ఐసొలేషన్ ట్యాంకుకు మార్చాను. అక్కడికి బయటివారికి ప్రవేశం లేదు. రమణమ్మను మాత్రం రానిచ్చాను.

"ఒక్కడినీ జైల్లో ఎట్టినట్టుంది. సముద్రంలో ఒగ్గేయండి సారూ," అని బతిమాలింది.

వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన చేపలతో అది ఇన్నాళ్లూ కలిసి బతికింది. పైకి కనిపించని రోగం దాని వెంట సముద్రంలోకి పోవచ్చు. అందుకే అలా వదలడం నిషేధం. ఆ మాటే వివరించాను. "ఠీక్ హై సార్," అని అక్కడి బజారు హిందీలో అనేసి వెళ్లిపోయింది.

క్రమంగా చేప మేత మానేసింది. నీరు పరీక్షించాం, మందు వేశాం, చిన్న పీతలు తెచ్చి వదిలాం. పీతలు దాని మూతి ముందే తిరిగేవి. ఒక మధ్యాహ్నం అది అడుగున పక్కకు ఒరిగిపోయి ఉంది.

కబురు చేస్తే రమణమ్మ గంపతోనే వచ్చింది.

"సచ్చిపోయినాడు గదా, ఇప్పుడైనా ఇచ్చీయండి. జెట్టీ సివర్న నీళ్లలో దించుతాను. ఆయనకి ఆకరి పని ఏటీ సెయ్యనేదు. సెయ్యడానికి మనిషే దొరకనేదు."

ఐసొలేషన్‌లో చచ్చిన చేపను, రోగం పాకకుండా సున్నం వేసి, నీటికి దూరంగా పూడ్చాలన్నది నియమం. ఇవ్వనని చెప్పాను.

"మీకు అధికారం నేదా సారూ, మనసు నేదా?"

"అధికారం ఉందమ్మా. అయినా ఇవ్వను," అన్నాను.

ఆమె గంప ఎత్తుకుంది. వెనక గొయ్యి తవ్విస్తున్నాం, పూడ్చేదాకా కాసేపు ఉండమన్నాను. ఉండలేదు. అక్వేరియానికి మళ్లీ రాలేదు. బజారులో నేను కనబడితే అడిగిన చేప తూచి ఇచ్చేది, తల ఎత్తేది కాదు. నేను అక్కడ ఉన్నంతకాలం అలాగే సాగింది.

ట్రిగ్గర్ పిల్లను కమ్యూనిటీ ట్యాంకులో వేయకూడదని నా తర్వాత వచ్చినవారికి చెప్పాను. పూడ్చాలన్న నియమం సరైనదే. ఈరోజు అడిగినా అదే చేస్తాను. అయితే మన నిర్ణయం సరైనదైనంత మాత్రాన, దానివల్ల నష్టపోయిన మనిషి మనతో మాట్లాడి తీరాలన్న నియమం ఎక్కడా లేదు.