మజ్జిగ క్యానులో బెంగుళూరు బీరు

మా వైపు ఒక కథ తిరుగుతోంది. స్ట్రాంగ్ బీరును మంచినీళ్లలా తాగే పులివెందుల మామ ఒకాయన, బెంగుళూరు నుంచి వచ్చిన నాజూకు బీరు రెండు గ్లాసులకే మైలవరం డ్యాం కట్ట మీద పడిపోయాడని ఆ కథ. ప్రొద్దుటూరులో నా బట్టల అంగడికి వచ్చేవాళ్లు దాన్ని నాకే చెప్పి నవ్వుతుంటారు. ఆ బీరు తెచ్చింది నేను. కథలో మాత్రం నేనెక్కడా ఉండను. అందుకే ఇది రాస్తున్నాను.

మన రాష్ట్రంలో మందు ప్రభుత్వ దుకాణాల్లోనే దొరికిన రోజులవి. అలవాటైన బీర్లు మాయమై, ఎన్నడూ వినని పేర్లు అరల్లోకి ఎక్కాయి. అందరూ తిట్టుకుంటూ వాటినే తాగారు. నేను మాత్రం జ్ఞానినయ్యాను. సరుకు కోసం బెంగుళూరు పోయినప్పుడల్లా, బీరును అక్కడికక్కడే తయారుచేసి పోసే చోట్లకు అలవాటు పడ్డాను. అక్కడి మెనూలో ఒక్కో బీరు గురించి పెండ్లి సంబంధం చెప్పినట్టు రాసి ఉంటుంది: గోధుమతో చేసినది, నారింజ తొక్క సువాసన, ధనియాల ఛాయ, మృదుస్వభావం. కొద్ది రోజుల్లోనే నాకు కొత్త ముక్కు మొలిచింది. గ్లాసు తిప్పడం, వాసన పీల్చడం, కళ్లు మూసుకుని "ఊఁ" అనడం వచ్చేశాయి. ఇంతకంటే చదువు ఏముంటుంది?

ఆ చదువునంతా ఆదివారం సాయంత్రాలు మైలవరం కట్ట మీద ఒలకబోసేవాణ్ణి. వినక తప్పని శ్రోతలు ఇద్దరు. ఒకరు పులివెందుల దగ్గర చీనీ, అదే బత్తాయి, తోటలున్న మామ. బంధుత్వమేమీ లేదు, పాతికేళ్ల స్నేహం. ఇంకొకరు జమ్మలమడుగులో కాంట్రాక్టులు చేసే మా బావ.

"మామా, నువ్వు తాగేది బీరే కాదు," అనేవాణ్ణి. "దాన్లో వాసనేమన్నా ఉందా?"

"బీరు వాసన వస్తాంది గదప్పా. ఇంకేం రావాల? మల్లెపూల వాసన రావాల్నా?"

"రుచి?"

"చల్లగుండాది. తల తిరుగుతాది. శెనక్కాయలు ఉండాయి. ఇంగ రుచి యాడికి పోతాది?"

ఇలాంటి మనిషిని ఉద్ధరించకుండా ఎలా ఉండగలను? ఒక వేసవిలో, తిరిగి వచ్చేటప్పుడు గోధుమ బీరు పెద్ద సీసాల్లో నింపించాను. చల్లగా ఉంచండి, మర్నాటికి తాగేయండి అని అక్కడివాళ్లు చెప్పారు. తలూపాను. సరిహద్దు దగ్గర పక్క రాష్ట్రం మందు పట్టుకుంటున్నారని గుర్తొచ్చింది దారిలో. మా డ్రైవరు ఇంటికి తీసుకుపోతున్న స్టీలు మజ్జిగ క్యాను వ్యానులో ఖాళీగా ఉంది. దారి పక్క హోటల్లో దాన్ని ఉత్త నీళ్లతో కడిగించి, బీరంతా అందులో పోసేశాను. ప్రపంచంలో ఏ బీరు పండితుడికీ రాని ఆలోచన అది.

చెక్‌పోస్టులో కానిస్టేబుల్ క్యాను మీద తట్టాడు.

"ఏందప్పా దీన్లో?"

"మజ్జిగ సార్."

"ఈ ఎండకు మంచిదే. ఒక గ్లాసు పొయ్యి."

"పులిసిపోయింది సార్. మీకు పడదు."

అతను మొహం చిట్లించి వదిలేశాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను. క్యాను ఆ రాత్రంతా వ్యానులోనే, చీరల మూటల నడుమ ఉడికింది.

మర్నాడు కట్ట మీద మూత తీశాను. నురగ లేదు. చప్పుడు లేదు. గ్లాసులో పోసి ఒక్క చుక్క నోట్లో వేసుకోగానే నాకు తెలిసిపోయింది. అప్పుడే క్యానును బోర్లించి ఉంటే ఈ రాత ఉండేది కాదు. కానీ ఇన్నాళ్లూ ఉపన్యాసాలు ఇచ్చిన నోరు కదా. కళ్లు మూసుకుని "ఊఁ" అన్నాను.

బావకు ఆ రోజు ఉపవాసం. మామ ఒక్కడే గ్లాసు ఎత్తి సగం తాగాడు. ఆగాడు.

"ఎట్లుండాది మామా?"

"బాగుండాదప్పా." నా మొహంలోకి చూశాడు. "కొంచెం పులుపు."

"దాని గొప్పతనమే అది! ఆ పులుపు కోసమే ఆడ తపస్సు చేస్తారు."

నేను తపస్సు అన్నందుకే ఆయన గ్లాసు ఖాళీ చేసి, రెండోది కూడా తాగాడు. నా గ్లాసు మాత్రం ఎవరూ చూడకుండా రాళ్ల సందులోకి పోయింది. కాసేపటికి మామ కడుపు పట్టుకుని లేచాడు, వాంతి చేసుకున్నాడు, అక్కడే పడుకున్నాడు. ఏమైందని బావ కంగారుగా అడిగితే నేనన్న మాట ఇది:

"నాజూకు బీరు బావా. మోటు కడుపుకు పడలేదు."

బావ ఆ మాటను జమ్మలమడుగు అంతా పంచిపెట్టాడు. ఆ తర్వాత ప్రొద్దుటూరులో జరిగిన ఒక పెండ్లి విందులో, అందరి చేతికీ సీసాలిచ్చి, మామ ముందు నిమ్మకాయ సోడా పెట్టారు. "నీకు ఇదైతే పడతాది మామా" అన్నాడు ఎవడో. మామ సోడా ముట్టుకోకుండా లేచి వెళ్లిపోయాడు. కట్ట మీదికి రావడం మానేశాడు. ఉగాది బట్టలకు ఇంటిల్లిపాదినీ తీసుకుని నా అంగడి ముందు నుంచే నడిచి ఎదురంగట్లోకి పోయాడు. నేను గల్లాపెట్టె దగ్గర కూర్చుని చూశాను.

ఈ మధ్య పాత బీర్లన్నీ తిరిగొచ్చాయి. మామ మాత్రం రాలేదు. బావతో నిజం చెప్పేశాను.

"ఇప్పుడెందుకప్పా?" అన్నాడు విసుగ్గా. "ఆ కథ చెప్పి చెప్పి నాకు మంచి పేరొచ్చింది."

చివరికి పులివెందుల పోయాను. మామ తోటలో కాయలు కోయిస్తున్నాడు.

"నాకు బట్టలేం వద్దప్పా," అన్నాడు చూడగానే.

అంతా చెప్పాను. నడుమ ఒక్కసారే అడ్డం వచ్చాడు.

"మజ్జిగ క్యానా?"

"ఊఁ."

"సబ్బుతో కడిగినావా?"

"లేదు మామా."

చేతిలోని కాయను గంపలో వేశాడు. "పులిసిందని నాకూ తెల్సు. అంత దూరం నుంచి తెచ్చినావు గదా అని తాగినా. నువ్వు మోటు కడుపు అంటావని అనుకోలా."

ఇంకో కాయ తీసుకుని నా వైపు తిరిగాడు.

"నాకు చెప్తే ఏమొస్తాది? ఆడ ఉన్నది ముగ్గురం. నవ్వినోళ్లు ఊర్ల కొద్దీ ఉండారు. ఈ తూరి బెంగుళూరికి నేనూ వస్తా. అదే బీరు ఆడనే తాగుతా. నువ్వు ఫోన్లో వీడియో తీసి అందరికీ పంపాల."

పోయాం. అదే చోటు, అదే గోధుమ బీరు. తెల్ల చొక్కా, భుజాన తువ్వాలతో మామ నిటారుగా కూర్చున్నాడు. నేను ఫోను ఎత్తాను.

"ముందు దాన్ని నీ పక్కకు తిప్పుకో. క్యాను సంగతి చెప్పు. ఆ తర్వాత నేను తాగుతా."

చెప్పాను. పక్క బల్లల వాళ్లకు తెలుగు వచ్చినట్టుంది, వెనక్కి తిరిగి మరీ విన్నారు. అప్పుడు మామ గ్లాసు ఎత్తి, ఫోనులోకి సూటిగా చూస్తూ తాగాడు. ఒకటి, రెండు, మూడు. మూతి తుడుచుకున్నాడు.

"బాగుండాది. మా కోడండ్లకు నచ్చుతాది. నాకు మాత్రం మన బీరే."

వీడియో పంపాను. ముందుగా బావకు, తర్వాత నా ఫోనులో ఉన్న ప్రతి ఒక్కరికీ. మామ పక్కనే ఉండి, పోయిందా లేదా అని ఒక్కొక్క పేరూ చూశాడు. అంతా అయ్యాక నాలుగో గ్లాసు తెమ్మని, అందులో ఐసు ముక్కలు వేయమన్నాడు వెయిటర్‌తో.

వెయిటర్ బిత్తరపోయి నా వైపు చూశాడు. ఐసు వేస్తే ఈ బీరు ఏమవుతుందో నాకు బాగా తెలుసు. చెప్పడానికి నోరు తెరిచాను కూడా.

"వెయ్యి," అన్నాను. "నిండా వెయ్యి."