ఒక్కడినే తినలేకపోయిన రోజులు

అరవైల చివర్లో ఎం.ఏ. చదవడానికి హైదరాబాద్ వచ్చినప్పుడు నాకు హాస్టల్లో సీటు దొరకలేదు. తార్నాకలో మేడమీద ఒక గది అద్దెకు తీసుకున్నాను. వంటే కష్టమవుతుందనుకున్నాను. కాలేదు. అన్నం రెండుసార్లు మాడినా నెల తిరిగేసరికి పప్పు కూడా కుదిరింది. కష్టమైంది తినడం.

ఊళ్లో మా ఇంట్లో పద్నాలుగు మందిమి వరసగా కూర్చుని తినేవాళ్లం. ఇంకాస్త పచ్చిపులుసు పొయ్యమని ఎవరో ఒకరు అరుస్తూనే ఉండేవాళ్లు. ఈ గదిలో నేను నమిలే చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. నాలుగు ముద్దలకే లేచి మిగతాది పారేసేవాణ్ని. కింది ఇంటివాళ్లు మంచివాళ్లే, కానీ గేటు గడియ వేయమని చెప్పడం తప్ప నాతో వాళ్లకు మాటల్లేవు. క్లాసులో ఎక్కువమంది హాస్టల్ వాళ్లు. బెల్లు కాగానే గుంపుగా మెస్‌కు పోయేవాళ్లు. ఒకసారి శనివారం మధ్యాహ్నం నుంచి సోమవారం హాజరు పలికేదాకా నేను నోరు విప్పలేదు. ఆ పొద్దు నా గొంతు నాకే బొంగురుగా, ఎవరిదో అన్నట్టు వినిపించింది.

మరునాటి నుంచి అన్నం డబ్బాలో పెట్టుకుని క్యాంపస్‌కు పోవడం మొదలుపెట్టాను. లైబ్రరీ వెనక ఒక రాతి అరుగు ఉండేది. అక్కడ ఊడ్చే పని చేసే పెద్దావిడ ఒకామె దాని మీద కూర్చుని సద్ది తినేది. నన్ను చూసి చీపురు పక్కకు జరిపింది. మూడు రోజులు ఇద్దరం మాట్లాడకుండానే తిన్నాం. నాలుగోరోజు నా డబ్బా మూతలో కొంచెం చింతకాయ తొక్కు పెట్టింది.

మిగతా పనివాళ్లంతా పగటిపూట ఇండ్లకు పోయేవాళ్లు. ఆమె ఇల్లు దగ్గర్లోనే, అంబర్‌పేట్‌లో అయినా పోయేది కాదు. ఎందుకని ఒకరోజు అడిగాను.

"పోతే ఏమున్నది బిడ్డా. మా ముసలాయన పోయిన కాన్నుంచి ఆడ ఒక్కదాన్నే కూసుంటే బువ్వ దిగుతలేదు. గీడనైతే మనుషులు అటూ ఇటూ తిరుగుతుంటరు."

ఈ బాధ నా ఒక్కడిదే అనుకున్నాను అప్పటిదాకా. నా సంగతీ చెప్పాను. ఇంటికి రాసిన ఉత్తరాల్లో కూడా రాయని మాట అది. ఆమె ఓదార్చలేదు.

"పారెయ్యకు. సగమన్నా తిను," అన్నది.

ఎండాకాలం సెలవుల తర్వాత ఆమె అరుగు దగ్గర కనిపించలేదు. పని మాన్పించి కూతురు మౌలాలికి తీసుకుపోయిందని తోటి పనామె చెప్పింది. వారం రోజులు ఒక్కణ్నే అరుగు మీద కూర్చున్నాను. ఆదివారం మౌలాలి పోయాను. పోయాక గుర్తొచ్చింది, ఇన్ని నెలల్లో ఆమె పేరు అడగనేలేదని. లైబ్రరీలో ఊడ్చిన పెద్దావిడ అంటూ రెండు దుకాణాల్లో అడిగాను. వాళ్లు నా మొఖం చూసి తెలియదన్నారు. అక్కడి గుట్ట కింద ఉన్న గల్లీలన్నీ తిరిగి, ఎండలో నడుచుకుంటూ తార్నాకకు తిరిగొచ్చాను.

బాగా ఆకలైంది. అన్నం వండుకుని గోడకు ఆనుకుని కూర్చుని తిన్నాను. బాగుందని చెప్పను, కానీ దిగింది. ఈపాటికి ఆమె కూతురి పిల్లల నడుమ కూర్చుని తింటుంటుందనుకున్నాను. గిన్నె కడిగి బోర్లించాను. గదిలో ఎప్పటిలాగే చప్పుడు లేదు.