మూడు దిక్కుల ప్రహరీ

ఆ ఏడాది మా మండల విద్యాశాఖ ఆఫీసులో పోయినవన్నీ లెక్కపెడితే బొట్టుబిళ్లల ప్యాకెట్లు పదకొండు, గుండుసూదుల డబ్బాలు రెండు, స్కేలు ఒకటి, పెద్దసారు కళ్లజోడు ఒకసారి (మర్నాడు దొరికింది కాబట్టి అర అని రాసుకున్నాను), చివరగా నా లెక్కల మీద నాకున్న గర్వం. ఆ రోజుల్లో డ్యాష్‌బోర్డు అనే మాట నాగర్‌కర్నూల్ దాటి మా మండలం దాకా రాలేదు. అయినా మాకొకటి ఉండేది. ఏ బడి పిల్లలకు ఎంత భద్రమో జనం చూసి తెలుసుకోవాలని ఆఫీసు వరండాలో ప్లైవుడ్ బోర్డు పెట్టి, దాని మీద మండలం పటం అంటించాం. గోడ ఉన్న బడికి ఆకుపచ్చ చుక్క, లేని బడికి ఎర్ర చుక్క. పటం కింద ఆ ఏడు బడుల దగ్గర జరిగిన ప్రమాదాల లెక్క: సున్నా. చుక్కలకు వేరే సరంజామా దొరక్క గాజుల దుకాణంలో స్టిక్కర్ బొట్టుబిళ్లలు కొన్నాను. ప్యాకెట్ల మీద ప్యాకెట్లు కొంటుంటే దుకాణామె, "మీ ఇంట్ల ఆడోళ్లు ఎంతమందున్నరన్నా?" అని అడిగింది. మండలమంత అని చెప్పలేక ఇంకో ప్యాకెట్ ఇమ్మన్నాను.

నేను అక్కడ కంప్యూటర్ ఆపరేటర్ని. ఇంటర్ తప్పినా శాతాలు, సగటులు సొంతంగా నేర్చుకున్నవాణ్ని. బడుల నుంచి వచ్చే ఫారాల్లో అంకెలన్నీ నా చేతి మీదుగానే పోవాలి. ఒక ఫారంలో 'ప్రహరీ గోడ ఉందా' అన్నచోట టీచరమ్మ 'మూడు దిక్కుల ఉంది' అని రాసింది. కంప్యూటరు ఒకటి తీసుకుంటుంది, లేదా సున్నా. మూడు దిక్కులంటే డెబ్బై అయిదు శాతం, సగానికి మించితే పైకి సవరించడం నా పద్ధతి. ఒకటి కొట్టి, ఆ ఊరి మీద ఆకుపచ్చ బొట్టు పెట్టాను. పటం చూసిన పై ఆఫీసరు, "బాగుందయ్యా, కండ్ల ముంగట పెట్టినవ్" అన్నాడు. నేను వారం రోజులు కాలర్ సర్దుకుంటూ తిరిగాను.

గోడలకు డబ్బు వచ్చినప్పుడు ఎర్ర చుక్కల ఊళ్లకే ఇచ్చారు. నాలుగో రోజు టీచరమ్మ ఆఫీసుకొచ్చింది. యాభై దాటిన మనిషి. నేను కాగితం తీసి సవరింపు పద్ధతి మొత్తం వివరించాను. ఓపికగా విని, "మంచిగ జెప్పినవ్ తమ్మీ. జర మా బడికి రా" అంది.

నేను వెళ్లేసరికి మధ్యాహ్నం బెల్లు కొట్టే వేళయింది. నాలుగో దిక్కు రోడ్డు. ఎత్తిపోతల కాలువ తవ్వుతున్నారు కాబట్టి మట్టి టిప్పర్లు ఎడతెగకుండా పోతున్నాయి. నీళ్ల బోరేమో రోడ్డవతల. బెల్లు మోగగానే టీచరమ్మ ఒక కొసన, చిన్న టీచరు ఇంకో కొసన బావి మోకుతాడు పట్టుకుని అడ్డంగా నిలబడ్డారు. పిల్లలంతా పళ్లేలతో వచ్చి మోకును గుద్దుకుని ఆగారు. ఒకడు కింద నుంచి దూరబోతే నేను వాడి చొక్కా పట్టుకున్నాను. టిప్పరు మా మీద దుమ్ము పోసి పోయింది.

"దినాం గిట్లనేనా మేడం?"

"దినానికి మూడు బెల్లులు. మేం గీడ నిలవడితే లోపల పాఠం ఎవలు జెప్పాలె? నీ బోర్డుల ప్రమాదాలు సున్నా అని ఉన్నది గదా, గా సున్నా గిట్ల వస్తది."

సాయంత్రమే పెద్దసారు దగ్గరికి పోయి ఒకటిని సున్నా చేద్దామన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడిచాడు.

"లెక్క పైకి పోయిందిరా. ఇప్పుడు లేదంటే గోడ కూలిందంటరు. ఎప్పుడు కూలింది, ఎవలు కూలగొట్టిండ్రని నన్నడుగుతరు."

"కూలలేదు సార్, అసలే లేకుండె."

"లేనిదాన్ని ఉన్నదని రాసిందెవలు?"

మర్నాడు పొద్దున్నే ఎర్ర బొట్టు అంటించాను. పదింటికి సారు తీసి ఆకుపచ్చది పెట్టాడు. ఇట్లా చాలా రోజులు నడిచింది (పదకొండు ప్యాకెట్లలో నాలుగు దీనికే). మరుసటి ఏడు ఫారాలు వచ్చినప్పుడు ఆయన సెలవులో ఉండగా సున్నా కొట్టేశాను. అనుకున్నట్టే, గోడ ఏమైందో వారంలో తెలపమని పైనుంచి కాగితం వచ్చింది. నా సవరింపు పద్ధతి అంతా రాసి, తప్పు నాదేనని సంతకం పెట్టాను. తిట్లు తిన్నాను, ఉద్యోగం మాత్రం పోలేదు. ఆ పై ఏడు నాలుగో గోడ లేచింది. అన్నాళ్లలో ఏ పిల్లకూ, పిల్లవాడికీ గీటు కూడా పడలేదు.

గోడ కట్టిన రోజు టీచరమ్మ నాకు బెల్లం ముక్క పెట్టి, "తమ్మీ, నీ ఒకటికి నేను ఎన్నిమార్లు మోకు పట్టిన్నో లెక్కగట్టి జెప్పు. నేను గూడ ఒక బోర్డు పెట్టుకుంట" అంది. చిన్న లెక్కే అనుకున్నాను. రోజుకు మూడు, ఆదివారాలు పోను, పండుగలు పోను, ఆమె జ్వరాన పడి అటెండరు పట్టిన రోజులు పోను. ప్రతిసారీ ఎక్కడో ఒకచోట తేడా వచ్చేది. పైకి సవరిద్దామంటే చెయ్యి రాలేదు.

ఆమె రిటైరై వనపర్తిలో ఉంటోంది. నాకు తల నెరిసింది. మొన్న బస్టాండులో కనబడి, "అయిందా తమ్మీ?" అని అడిగింది. ఇంకో రెండు సెలవుల దగ్గర తెగడం లేదు మేడం అన్నాను. నవ్వి బస్సెక్కింది. ఆ అంకె ఆమెకు నేనింకా ఇయ్యాలి.