బ్రిడ్జి మీద నేర్చుకున్న కొండ

మా వైపు కొండ లేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే, తర్వాత చెప్పబోయేవాటికి సగం క్షమాపణ దొరుకుతుందని నా ఆశ. తెనాలిలో నేలకంటే ఎత్తుగా ఉన్నవి నాకు తెలిసి మూడు: రైల్వే ఓవర్ బ్రిడ్జి, మా చర్చి గంట గోపురం, మార్కుల జాబితా చేతికొచ్చినప్పటి మా అమ్మ గొంతు. మూడింట్లో సైకిల్‌ని ఎక్కనిచ్చేది మొదటిదొక్కటే. అందుకని కొండ ఎక్కడం నేను బ్రిడ్జి మీద నేర్చుకున్నాను. బకెట్లో ఈత నేర్చుకున్నట్టు అన్నమాట.

ఆ అవసరం ఎందుకొచ్చిందంటే, ఏటా చలికాలం మొదట్లో కొంతమంది సైకిళ్లవాళ్లు బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డున తెల్లవారుజామున మూడింటికి బయల్దేరతారు. రెండు వందల యాభై కిలోమీటర్లకు పైగా తొక్కి, దోర్నాల దాటి, నల్లమల ఘాట్ రోడ్డు ఎక్కి, సాయంత్రం ఆరింటిలోగా పైన బల్ల వేసుకుని కూర్చున్నవాళ్ల పుస్తకంలో సంతకం పెట్టాలి. ఆరు దాటితే సంతకం లేదు. చీకట్లో అడవి రోడ్డు మీద సైకిళ్లను ఉండనివ్వరు కాబట్టి, వెనకాలే ఒక వ్యాన్ మిగిలినవాళ్లను ఏరుకుంటూ వస్తుంది. సంతకం పెట్టినవాళ్లకు ఒక పతకం ఇస్తారు. దానివల్ల ఉద్యోగంలో ఒరిగేదేమీ లేదు. పెళ్లిచూపుల్లో చెప్పి చూశాను, అవతలివాళ్లు కాఫీ చల్లారిపోతోందన్నారు.

నన్ను ఇందులోకి దింపింది మా బావ, అంటే అక్క భర్త. బాపట్లలో లెక్కల మాస్టారు. తక్కువ మాట్లాడతాడు. మాట్లాడినా జవాబు ఒక్కటే చెప్పి స్టెప్పులు వదిలేస్తాడు. తన విద్యార్థులు అలా చేస్తే మాత్రం మార్కులు కోస్తాడు.

మొదటి ఏడాది ఇద్దరం వెళ్లాం. ఘాట్ మీద ఒక మలుపులో, కల్వర్టు దగ్గర, నేను సైకిల్ దిగాను. దిగాను అనడం మర్యాద కోసం, నిజానికి పక్కకి ఒరిగాను. బావ అప్పటికే ముందున్నాడు. వెనక్కి తిరిగి చూశాడు. ఆగాడు. సైకిల్ నడిపించుకుంటూ కిందికి వచ్చి నా పక్కన కల్వర్టు గోడ మీద కూర్చున్నాడు. ఆరు దాటింది. వ్యాన్ వచ్చింది. దారిలో ఆయన బత్తాయి ఒలిచి సగం నాకిచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకు నా దగ్గర జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. బత్తాయికి లేవు.

ఆ తర్వాత డాక్టరుగారు బావ మోకాలు చూసి, "ఇంకొక్కసారికి సరే, ఆపైన ఎత్తులు ఎక్కొద్దు మాస్టారూ" అన్నారు. అంటే రాబోయేది ఆయనకు ఆఖరుది. అంతకుముందుది నావల్ల పోయింది. నాకు పతకం మీద మోజు లేదు. ఈసారి బావకు వెనక్కి తిరిగి చూసే పని పెట్టకూడదు, అంతే. అందుకోసమే తెల్లారి లేచేవాణ్ణి. అది కూడా మూడో అలారానికి.

రోజూ ఆఫీసుకు ముందు ఓవర్ బ్రిడ్జి ముప్పైసార్లు ఎక్కి దిగేవాణ్ణి. నేనొక కాలేజీ ఆఫీసులో గుమాస్తాని, పది దాటాక వెళ్లినా ఎవరూ అడగరు, కానీ పది దాటాక బ్రిడ్జి మీద లారీలు అడుగుతాయి. ఆదివారాలు రేపల్లె మీదుగా పెనుమూడి దాకా పోయేవాణ్ణి. అక్కడ కరకట్ట ఎత్తు, దాని మీంచి కృష్ణ బ్రిడ్జి ఎక్కే ఎత్తు, రెండూ కలిపి మా జిల్లాలో దొరికే హిమాలయం. ఆదివారం ఆరాధనకు రావడం లేదని అమ్మ పాస్టరుగారికి చెప్పింది. ఆయన ప్రార్థన మనవుల్లో నా పేరు చేర్చారు, పక్షవాతం వచ్చిన ఒక తాతగారి తర్వాత, డీఎస్సీ రాస్తున్న ఒక అమ్మాయికి ముందు.

పెనుమూడి బ్రిడ్జి మొదట్లో ఒకావిడ చేపల తట్ట పెట్టుకుని కూర్చుంటుంది. ఒక ఆదివారం నేను పన్నెండోసారి ఎక్కి, దిగి, మళ్లీ తిరుగుతుంటే ఆవిడ లేచి వచ్చి హ్యాండిల్ పట్టుకుంది.

"ఏంటి బాబూ, ఏమన్నా పారేసుకున్నావా?"

"లేదండి."

"మరేంటి? పొద్దుట్నుంచి చూస్తున్నా. బ్రిడ్జెక్కుతావు, నీళ్లకేసి చూస్తావు, వెనక్కొస్తావు."

నీళ్లకేసి చూడటం నిజమే. పైకి చేరేసరికి తల ఎటు వాలితే అటు చూసేవాణ్ణి.

"ఇంట్లో ఎవరన్నా ఏమన్నా అన్నారా? అమ్మాయి సంగతా?" గొంతు తగ్గించి అడిగింది. హ్యాండిల్ మాత్రం వదల్లేదు.

అప్పుడర్థమైంది. "అయ్యో, అదేం లేదు పిన్నీ. కొండెక్కడానికి ప్రాక్టీసు చేస్తున్నా."

ఆవిడ కృష్ణ ఈ ఒడ్డు చూసింది, ఆ ఒడ్డు చూసింది. "ఏ కొండ?"

నిజం చెప్పినా అబద్ధంలా వినిపించే సందర్భాలు నాకు కొత్త కాదు గానీ, ఇంత బాగా ఎప్పుడూ వినిపించలేదు.

"ముందు మీ ఇంటికి ఫోన్ చెయ్యి. నేను మాట్లాడాలి."

అమ్మకు చేస్తే పాస్టరుగారి ప్రార్థన ఇంకాస్త పొడుగవుతుందని అక్కకు చేశాను. పిన్ని ఫోన్ లాక్కుని స్పీకర్ పెట్టించింది.

"అమ్మా, మీ తమ్ముడంట, బ్రిడ్జి మీద తిరుగుతున్నాడు. మనసేం బాలేదేమో, కాస్త చూసుకోండమ్మా."

"వాడాండీ?" అంది అక్క. అవతల కుక్కర్ కూసింది. "వాడు దూకే రకం కాదండీ. చన్నీళ్లంటే భయం. స్నానానికే అరగంట బతిమాలించుకుంటాడు."

పిన్ని నన్ను ఎగాదిగా చూసి హ్యాండిల్ వదిలింది. వెధవ ప్రాణం మీద తీపి ఉందని నమ్మకం కుదిరినట్టుంది. సంగతంతా విని నవ్వింది.

"కొండకైతే ఇదేం ప్రాక్టీసయ్యా? ఎక్కావో లేదో దిగిపోతివి. మా ఆయన ఎదురుగాలికి పడవ లాక్కొస్తాడు. దానికి దిగుడుంటదా?"

ఆవిడకు చెప్పడానికి నా దగ్గర ఫోన్లో చదివిన శిక్షణ పద్ధతులు బోలెడున్నాయి. ఆవిడ దగ్గర బొచ్చె చేపలున్నాయి. చర్చలో ఆవిడే నెగ్గింది. రెండు చేపలు కొని, సంచి హ్యాండిల్‌కి తగిలించుకుని ఇంకో రెండుసార్లు బ్రిడ్జెక్కాను. బరువుతో ప్రాక్టీసు.

వానలు మొదలవకముందు ఒకరోజు బావ ఎవరిదో కారు అడిగి తెచ్చి, సైకిళ్లు పైన కట్టి, నన్ను కొండవీడు తీసుకెళ్లాడు. నిజమైన ఘాట్ రోడ్డు. బ్రిడ్జి ఎంత పొడుగో అంత దూరం నా కాళ్లు బ్రహ్మాండంగా తొక్కాయి. నాకే ముచ్చటేసింది. ఆ తర్వాత అవి నెమ్మదించి, దిగుడు కోసం చూశాయి. దిగుడు రాలేదు. ఇంకాస్త చూశాయి. నెలల తరబడి రోజుకు ముప్పైసార్లు నేను వాటికి చెప్పిన పాఠం అదే కదా: ఒక్క నిమిషం కష్టపడితే చాలు, ఆపైన కాళ్లు కదపకుండా జారిపోవచ్చు. బుద్ధిమంతులైన కాళ్లు, చెప్పింది చెప్పినట్టు నేర్చుకున్నాయి. చెప్పినవాడే వెధవ.

పై మలుపులో బావ ఒక కాలు కింద పెట్టి, వెనక్కి చూస్తూ నిలబడి ఉన్నాడు. పోయినేడు చూసిన చూపే.

"నాకోసం ఆగొద్దు బావా."

"ఆగలేదు. నీళ్లు తాగుతున్నా."

సీసా మూతకు సీలు కూడా తియ్యలేదు.

తిరిగి వచ్చేటప్పుడు కార్లో పిన్ని అన్న మాట చెప్పాను. బావ గేరు మార్చి, "ఆవిడ చెప్పింది కరెక్టు" అన్నాడు. స్టెప్పులు లేవు.

ఆ వానాకాలమంతా శని, ఆదివారాలు మధ్యాహ్నం మూడింటికి రేపల్లెలో మొదలుపెట్టి కర్లపాలెం మీదుగా బాపట్ల దాకా గాలికి ఎదురు తొక్కాను. ఆ రోజుల్లో ఆ వేళకి గాలి ఆ వైపు నుంచే వస్తుంది. నన్ను చూసుకునే బయల్దేరినట్టు ఉండేది. రోడ్డు అరచేయిలా చదును. కళ్లకు ఏ ఎత్తూ కనపడదు కాబట్టి మనం ఎందుకు నడక వేగంతో పోతున్నామో చూసేవాళ్లకు అర్థం కాదు. నాట్లేసి ఆటోలో ఇంటికెళ్తున్న ఆడవాళ్లు, "ఏం తమ్ముడూ, బ్రేకులు పట్టేశాయా?" అని అడిగేవాళ్లు. "లేదండి, గాలి" అంటే, "గాలి కొట్టించుకోపోయావా మరి" అని వెళ్లిపోయేవాళ్లు. మొదట్లో చెట్టు దాకా, తర్వాత మైలురాయి దాకా అని లక్ష్యాలు పెట్టుకున్నాను. అవి దగ్గరికి రావడం మానేశాక లక్ష్యాలు మానేశాను. ముందు చక్రం కేసి చూస్తూ తొక్కడం, అంతే. అందులో గొప్ప జ్ఞానోదయమేమీ కలగలేదు. నోట్లోకి రెండు పురుగులు పోయాయి.

బాపట్ల చేరేసరికి అక్క మజ్జిగ చెంబు పట్టుకుని గుమ్మంలో ఉండేది. "వచ్చావా? ఏడుపు మొహం మెట్ల దగ్గర తుడుచుకుని రా, నేలకి తడిగుడ్డ పెట్టాను" అనేది. నేను సోఫాలో కూర్చుంటే లేవనని నన్ను స్టూలు మీద కూర్చోబెట్టేది. స్టూలు మీదే నిద్రపోవడం కూడా ఆ కాలంలోనే నేర్చుకున్నాను. అలసట ఆదివారంతో పోయేది కాదు, సోమవారం నాతోపాటే ఆఫీసుకొచ్చి పక్క కుర్చీలో కూర్చునేది.

ఆ రోజు వచ్చింది. బయల్దేరేముందు, చీకట్లో, అలల చప్పుడులో బావ చేత మాట తీసుకున్నాను: ఏం జరిగినా నాకోసం ఆగకూడదు. "చూద్దాంలే" అన్నాడు. "చూడొద్దనే చెప్తున్నా బావా" అన్నాను.

మధ్యలో రెండు వందల కిలోమీటర్ల గురించి చెప్పుకోదగ్గది లేదు. ఇడ్లీ, అరటిపండు, ఎండ, మళ్లీ అరటిపండు. ఘాట్ మొదలయ్యాక బావ ముందుకు పోయాడు. నేను తల వంచి చక్రం కేసి చూశాను. ఇది కొండ కాదు, కర్లపాలెం రోడ్డు అనుకున్నాను. కాళ్లు కాసేపు అనుమానించి, ఇక్కడా దిగుడు లేదని తెలిసి, పాత విసుగుతోనే పనిలోకి దిగాయి. ఎన్ని మలుపులు దాటానో లెక్కపెట్టలేదు. తల ఎత్తేసరికి అదే కల్వర్టు. గోడ మీద బావ.

కోపం వచ్చింది. "ఆగొద్దన్నానా... బావా!" మధ్యలో ఊపిరి దొరక్క రెండు ముక్కలైంది.

"నీకోసం కాదురా. మోకాలు పట్టేసింది."

అబద్ధం కాదు, మోకాలు చిన్న గుమ్మడికాయంత ఉంది. ఏడాదిగా నేనొక మాట తయారుచేసి పెట్టుకున్నాను: నా సంగతి వదిలెయ్, నువ్వెళ్లు బావా, అని. దాన్ని వాడే చోటే లేకుండా పోయింది.

"మరి నేను వెళ్లనా?" అన్నాను.

"వెళ్లు."

వెళ్లలేదు. ప్రేమ అనుకునేరు. ఒకసారి దిగాక కాలు సీటు మీదుగా లేవలేదు. వెళ్లి పక్కన కూర్చున్నాను. టైము నాలుగూ నలభై. ఇంకా ఎనిమిది కిలోమీటర్లు.

"పోయినేడు కూడా నీకోసం ఆగలేదు" అన్నాడు బావ, రోడ్డు కేసి చూస్తూ. తర్వాత మొదలుపెట్టాడు. ఏ మలుపులో తొడ పట్టేసిందో, నీళ్లు ఎక్కడ అయిపోయాయో, అప్పటికి ఎంత దూరం మిగిలిందో, గంటకు ఎంత వేగం కావాల్సి వచ్చిందో, తన దగ్గర ఎంత ఉందో. "నువ్వు దిగకపోతే ఇంకో రెండు మలుపుల్లో నేనే దిగేవాణ్ణి. నువ్వు ముందు దిగావు, అంతే."

"మరి ఏడాదిగా చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు ప్రాక్టీసు మానేస్తావు."

అదీ నిజమే. కానీ బావ నాతో ఎప్పుడూ జవాబు తప్ప స్టెప్పులు చెప్పలేదు. ఈసారి ఒక్కటీ వదలకుండా అన్నీ చెప్పాడు. అందుకే ఇప్పటికీ నాకు అనుమానం. అడగలేదు. అడిగితే ఇంకో రెండు స్టెప్పులు కలుపుతాడు.

ఐదుకు ఇంకా ఐదు నిమిషాలుందనగా లేచాం. ఆయన మోకాలికి నా తువ్వాలు బిగించి కట్టాను. ఈసారి నేను ముందు, ఆయన వెనక. "ఎదురుగాలి అనుకో బావా" అన్నాను. "మాట్లాడకు" అన్నాడు. ప్రతి మలుపులో వెనక్కి తిరిగి చూశాను, ఉన్నాడా లేడా అని. ఉన్నాడు, ఒంటి కాలితో తొక్కుతున్నాడు, రెండోది మర్యాదకి కదుపుతున్నాడు. అన్నిసార్లు తిరిగి చూసేసరికి నాకు మెడ పట్టేసింది. పోయినేడు ఈ పని ఆయన చేశాడన్నమాట అనుకున్నాను, ఆలోపే రోడ్డు మీద గుంట వచ్చింది.

ఐదూ యాభై మూడుకి బల్ల దగ్గర దిగాం. బావను ముందు సంతకం పెట్టమన్నాను. బోర్డు మీద వృత్తం కొలిచినట్టు గీసే చెయ్యి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ఒకటో తరగతి పిల్లాడిలా రాసింది. పేరు గడి దాటి పక్క గడిలోకి పోయింది. ఆ పక్క గడి నాది. మిగిలిన జాగాలో సర్దుకుని నేనూ పెట్టాను.

అక్క ఫోన్ చేసింది. "ఎక్కారా?"

"ఎక్కాం."

"ఇద్దరూనా?"

"ఇద్దరూ."

"అయితే అన్నం తినండి" అని పెట్టేసింది.

నా కాళ్లు నెలల తరబడి ఎదురుచూసిన దిగుడు అప్పుడు మా ముందే ఉంది, దోర్నాల దాకా, ఆగకుండా. చీకటి పడింది కాబట్టి సైకిళ్లు వ్యాన్ పైన కట్టేశారు. బావ బత్తాయి ఒలవడం మొదలుపెట్టాడు. సగం నాకు ఇచ్చే ఉంటాడు. నాకు తెలీదు, మొదటి మలుపుకే నిద్రపోయాను. దోర్నాలలో లేచేసరికి నా ఒళ్లో తొక్కలు మాత్రం ఉన్నాయి.