బ్రహ్మజెముడు దగ్గర విన్న మాట

నా చిన్నప్పుడు నాకు ఏ మాటైనా సగమే వినపడేది. మిగతా సగం నేనే అల్లుకునేదాన్ని. మా అమ్మ పాలు తాగమంటే పాట పాడమంది కాబోలనుకుని గొంతెత్తిన రోజులున్నాయి. ఇంట్లో అందరూ నవ్వేవారు, వాళ్ళతో పాటు నేనూ నవ్వేదాన్ని. కానీ ఒకసారి మా ఫ్లాట్‌కి వచ్చిన అంకుల్ ఒకాయన, ఎన్నిసార్లు పిలిచినా నేను పలకడం లేదని, "ఏంటీ పిల్ల, బ్రహ్మచెవుడా?" అన్నాడు. మిగతా మాటలు ఎన్ని ఎగిరిపోయినా అది మాత్రం ఎలా దూరిందో, శుభ్రంగా చెవిలో దూరింది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

తర్వాత డాక్టర్లు చూసి చెవికి మిషన్ పెట్టాలన్నారు. ఇప్పటిలా చెవి వెనక దాక్కునేది కాదు. సబ్బుపెట్టె అంత డబ్బా, అది పెట్టుకోవడానికి మెడలో వేలాడే గుడ్డ సంచి, అందులోంచి చెవి దాకా తీగ. ఇంట్లో పెట్టుకున్నాను గానీ, బడికి పెట్టుకెళ్ళమంటే మాత్రం చచ్చినా వెళ్ళనని మొండికేశాను. సెలవులు అయిపోతున్నాయి. చివరికి నాన్న ఒక బేరం పెట్టారు. ఒక్కరోజు పెట్టుకుని బయట నలుగురిలో తిరిగి రావాలి. ఆ తర్వాత కూడా వద్దంటే ఆయన ఇక బలవంతం చేయరు. ఒక్కరోజే కదా, ఓర్చుకుని ఆ మిషన్ పీడ వదిలించుకోవచ్చని నేను సరేనన్నాను.

నాతో బయల్దేరింది మా జేజి. అనంతపురం వైపు నాన్నవాళ్ళమ్మని జేజి అంటారు. మమ్మల్ని చూడడానికి కొన్నాళ్ళపాటు మేముండే సింగపూర్ వచ్చింది. తెలుగు తప్ప మరో భాష రాదు, అయినా ఎక్కడికి వెళ్ళినా ఎవరో ఒకరితో మాట కలపకుండా తిరిగొచ్చే మనిషి కాదు. మేము వెళ్ళింది ఎడారి తోటకి. ఆరుబయట పెట్టిన మ్యూజియం లాంటిది. ఇసుక పోసి, రాళ్ళు పేర్చి, ఎక్కడెక్కడి ఎడారి మొక్కలో తెచ్చి నాటారు. ఒక మూల కంచె లోపల తాబేళ్ళు, ఎండ కాచుకునే బల్లులు ఉన్నాయి. రోజూ వాన పడే ఊరు కాబట్టి మొక్కలు కుళ్ళిపోకుండా వాటి మీద అద్దాల పైకప్పు వేశారు. అది చూసి జేజి బుగ్గలు నొక్కుకుంది. మా ఊళ్ళో వాన కోసం మొగులు చూసి చూసి మెడలు పడిపోతుంటే, ఇక్కడ ముళ్ళచెట్లకి గొడుగు పడుతున్నారే అని ఒకటే నవ్వు.

ఆ మిషన్‌తో లోకమంతా ఒక్కసారి మీద పడినట్టుంది. సంచికి గౌను రాసుకున్న చప్పుడు, కంకర మీద చెప్పుల చప్పుడు, ఎవరో పిల్లాడి ఏడుపు, అన్నీ ఒకే ఎత్తున వినపడుతున్నాయి. నేను ఒక పెద్ద మొక్క ముందు నిలబడి జనం నా తీగనే చూస్తున్నారా అని దొంగచూపులు చూస్తున్నాను. అప్పుడే జేజి నా వైపు చెయ్యి చాపి, తోటంతా దద్దరిల్లేలా అరిచింది. నాకు వినపడింది ఇదీ: "ఓయమ్మో, బెమ్మచెవుడు! ఈడికీ వచ్చిండాదే!"

జనం తిరిగి చూశారు. నా ఒళ్ళంతా మంటెత్తిపోయింది. ఇంకెవరన్నా సరేగానీ, మా జేజే అనడమా! తీగ పట్టి లాగేసి, చెట్ల మధ్య నుంచి పరుగెత్తి తాబేళ్ళ కంచె పక్కన కూలబడి ఏడ్చాను. బడికే కాదు, ఇంట్లో కూడా ఇక పెట్టుకోనని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను.

జేజి రొప్పుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది. నేను ముఖం తిప్పుకుంటే గడ్డం పట్టి తన వైపు తిప్పుకుంది. "నేనేమంటినే?" అంది. "చెవుడు అన్నావు! అందరి ముందు! ఐ డోంట్ వాంట్ దిస్ లా!" అని మా సింగపూర్ ఇంగ్లీషులో అరిచి సంచి విసిరికొట్టాను. ఆమె తిట్టలేదు, నవ్వలేదు. సంచి తీసి దులిపి, తీగ మళ్ళీ నా చెవిలో పెట్టి, లేవదీసి ఆ మొక్క దగ్గరికే నడిపించింది. నిటారుగా, ఆకుల్లేకుండా, అంచుల వెంట ముళ్ళతో నాకంటే ఎత్తుగా ఉంది. జేజి దాన్ని చూపించి, "నా మూతి చూడు," అని నిదానంగా అంది. "బెమ్మ... జె... ముడు." ము దగ్గర ఆమె పెదవులు రెండూ అతుక్కున్నాయి. "ఇప్పుడు చూడు. చె... వుడు." ఈసారి అతుక్కోలేదు. నన్ను కూడా అనమంది. నేనూ అన్నాను. నా పెదవులూ ఒకసారి కలిశాయి, ఒకసారి కలవలేదు. వాళ్ళ చేను కంచె నిండా పెరిగే చెట్టు సముద్రాలు దాటి కనపడేసరికి ఆ పిచ్చి మనిషి సంతోషం పట్టలేక అరిచింది, అంతే. నాకు సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి.

"సగం ఇని పరిగెత్తితే ఎట్లమ్మా? మళ్ళా చెప్పు జేజీ అంటే నా నోరేమన్నా అరిగిపోతాదా?" అంది.

మాటతో వదిలితే ఆమె మా జేజి ఎందుకవుతుంది? నీళ్ళ గొట్టం పట్టుకున్న తోటమాలి చైనీస్ అంకుల్ దగ్గరికి నన్ను లాక్కెళ్ళి, పక్కనున్న మొక్కని చూపించి "ఇదేందప్పా?" అంది. తెలుగులోనే. ఆయన ఏదో అన్నాడు. జేజి చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని "మళ్ళా చెప్పు" అంది. ఆయన చెప్పాడు. "మళ్ళా" అంది. ఆయన విసుక్కుంటాడని నేను బిక్కచచ్చిపోయాను. ఆయన మాత్రం గొట్టం కింద పెట్టి, వంగి, "అ-గా-వే, ఆంటీ" అని నవ్వుతూ విడివిడిగా చెప్పాడు. "అగావేనా? మేము కిత్తనార అంటాము," అని జేజి ఆయనకి నేర్పడం మొదలుపెట్టింది. ఆయనకి ఆ మాట నోరు తిరగక తనూ "అగైన్, అగైన్" అన్నాడు. చక్కటి చెవులున్న ఇద్దరు పెద్దవాళ్ళు ఒకరినొకరు మళ్ళీ చెప్పమని అడుగుతూ హాయిగా నవ్వుకుంటుంటే చూస్తూ నిలబడిపోయాను. అప్పటిదాకా అలా అడగడం నా ఒక్కదాని ఖర్మ అనుకున్నాను.

నాన్న బేరం సంగతి ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. బడి తెరిచిన రోజు సంచి నేనే మెడలో వేసుకున్నాను. టీచర్ చెప్పింది సగమే అందితే చెయ్యెత్తి "అగైన్ ప్లీజ్, టీచర్" అన్నాను. నా వెనక బెంచీ పిల్ల హమ్మయ్య అంది. తనకీ వినపడలేదట.

ఇప్పుడు నేనూ జేజినయ్యాను. బ్యాంకు ఉద్యోగం చేసినన్నాళ్ళూ పెద్ద పెద్దవాళ్ళని కూడా మీటింగుల్లో ఆపి మళ్ళీ చెప్పమని అడిగాను, చిన్నతనంగా అనిపించలేదు. ఈనాటికీ ఎవరి మాటైనా చివుక్కుమనిపిస్తే, బాధపడటం కాసేపు పక్కన పెట్టి వాళ్ళ పెదవుల వైపు చూస్తూ మళ్ళీ చెప్పమంటాను. చాలాసార్లు అది నేననుకున్న మాట కాదు. ఎప్పుడైనా నిజంగా అదే మాటైతే, రెండోసారి అనడానికి వాళ్ళకి నోరు రాదు.